దారి బత్తెం

ఊరు దాటి పోయేవాడి చేతిలో పెట్టే తిండికీ ఖర్చుకూ కలిపి మన పెద్దలు ఒకే మాట వాడేవారు: దారి బత్తెం. రైళ్లూ బస్సులూ వచ్చాక ఆ మాట వాడుకలో పలచబడింది. కాని బండ్లన్నీ ఆగిపోయి, భార్యాపిల్లలతో కాలినడకన సొంతూరు చేరుకోవలసిన రోజు వస్తే దాని అర్థం ఏమిటో మళ్లీ తెలిసివస్తుంది. తెలుగువాళ్లకు అలాంటి రోజు 1942లో బర్మాలో వచ్చింది. మనం బతుకుతున్న భివండీ దాన్ని 2020లో చూసింది. ఈ రెండు నడకలనూ పక్కపక్కన పెట్టి, మూటలో ఏముంది, ఏమి లేకపోయింది అని లెక్క చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాలినడక ప్రయాణం మనకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. వెంట దాదాపు నూరుమంది పరివారం, డేరాలు, పల్లకీ. అంత కలిగినవాడు కూడా తన కాశీయాత్ర చరిత్రలో ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి అన్నది శ్రద్ధగా రాసుకుంటూ పోయాడు. ఎంత మోసుకుపోయినా దారిలో దొరికేదాని మీదే ప్రయాణం నడుస్తుందని ఆయనకు తెలుసు. అయితే ఆయనది తనంత తాను కోరుకున్న ప్రయాణం. కోరుకోనిదాని సంగతి వేరు.

కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లను బర్మాలో ‘కోరంగీలు’ అనేవారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ పోయి, రేవులో బస్తాలు మోసి, బియ్యపు మిల్లుల్లో పనిచేసి, రిక్షాలు లాగి, ఇంటికి డబ్బు పంపిన తరాలు వాళ్లవి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా వాళ్లే. 1930 మే నెలలో రేవుపని విషయమై తెలుగు కూలీల మీద జరిగిన దాడులు, అక్కడ తమ నిలకడ ఎంతటిదో ముందే చెప్పాయి.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. రేవు కూలీలు వేల సంఖ్యలో ప్రోమ్ దారి పట్టారు. వాళ్లు పోతే రేవు మూతపడుతుందని ప్రభుత్వం నచ్చజెప్పి చాలామందిని వెనక్కి రప్పించింది. కొద్ది వారాలకే మళ్లీ పారిపోవలసి వచ్చింది. 1942 మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. ఓడల్లో చోటు డబ్బునూ రంగునూ చూసి ఇస్తున్నారని, అడవిదారిలో కూడా తెల్లవారికొక బాట, నల్లవారికొక బాట అని అప్పట్లోనే కాంగ్రెసు నాయకులు బాహాటంగా విమర్శించారు. టిక్కెట్టు దొరకనివాళ్లకు మిగిలింది కాళ్లే.

దారులు మూడు. మొదటిది ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, అరకాన్ కొండల మీదుగా నూరు మైళ్లకు పైగా నడిచి తౌంగప్, అక్కడి నుంచి పడవల్లో అక్యాబ్, చిట్టగాంగ్. ఈ దారిలో నీటి కరువు, కలరా. రెండోది కలేవా, తము మీదుగా ఇంఫాల్, దిమాపూర్. చివరిది ఉత్తరాన హుకాంగ్ లోయ దాటి అస్సాంలోని లీడో. మే నెలలో వానలు పట్టుకున్నాక ఆ మూడో దారిలో బురద, మలేరియా, ఆకలి కలిసి జనాన్ని కూల్చాయి. మొత్తం నాలుగైదు లక్షలమంది భారతదేశం చేరారని అంచనా. దారిలో పోయినవాళ్ల సంఖ్య పదివేలని చెప్పినవారున్నారు, దానికి ఎన్నోరెట్లని చెప్పినవారూ ఉన్నారు. అడవిలో ఎవరు లెక్కపెట్టారు?

బ్యాంకులో పనిచేసేవాణ్ణి కనుక మూటలోని డబ్బు సంగతి నాకు ముఖ్యంగా తోస్తుంది. 1937లో బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. ఆ పైన బర్మాకు కూడా రిజర్వు బ్యాంకే నోట్లు వేసినా, అవి బర్మాలో మాత్రమే చెల్లుతాయని వాటి మీదే అచ్చయి ఉండేది. అంటే ఇరవై ఏళ్ల కష్టాన్ని నోట్లుగా నడుముకు కట్టుకున్నా, సరిహద్దు దాటగానే దాని విలువ ఇంకొకరి దయ మీద ఆధారపడేది. ఇక ఇల్లు, కొట్టు, పశువులు, రావలసిన బాకీలు మూటలో పట్టేవి కావు. ఆస్తి ఎంత అన్నది ఒక లెక్క, చేతికి ఎంత వస్తుంది అన్నది మరో లెక్క అని కామర్సు పుస్తకాలు చెప్పే పాఠాన్ని ఆ జనం కాళ్లతో నేర్చుకున్నారు.

ఇప్పుడు భివండీకి వద్దాం. జాతీయ రహదారి 61 ఇక్కడ మొదలై, కల్యాణ్, మాల్షేజ్ ఘాట్, అహమ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్), పర్భణీ, నాందేడ్, భైంసా, నిర్మల్ మీదుగా జగిత్యాల చేరుతుంది. పద్మనగర్‌లోని మన పద్మశాలీ కుటుంబాల్లో ఎన్నిటికో అది పుట్టింటి దారి. ఏడువందల కిలోమీటర్ల పైమాటే. నలుగురున్న కుటుంబం పిల్లలతో రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిచినా అయిదు వారాలు. తలకు అరకిలో చొప్పున తిండిగింజలే డెబ్బై కిలోలు. నీళ్లు తలకు మూడు లీటర్లు అనుకున్నా రోజుకు పన్నెండు కిలోల బరువు. ఇద్దరు పెద్దవాళ్లు కలిసి మోయగలిగేది, చంకలో బిడ్డ కూడా ఉంటే, ముప్పై కిలోలకు మించదు. కాబట్టి ఏ మూటా ఊరి దాకా సరిపోదు. ఒక రోజు నీళ్లు, మూడు రోజుల తిండి, అంతే. మూట కట్టేది సొంతూరికి కాదు, తర్వాతి మజిలీకి.

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు లాక్‌డౌన్ ప్రకటించారు. నాలుగు గంటల వ్యవధి. మగ్గాలు ఆగాయి. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి మగ్గం ఆగితే కూలి ఆగినట్టే. దూరప్రాంతాల నుంచి ఒంటరిగా వచ్చి మగ్గం నడిపేవాళ్లలో చాలామంది భోజనం బిస్సీలో. గదిలో పొయ్యి ఉండదు, గిన్నె ఉండదు, గుప్పెడు బియ్యం ఉండవు. బిస్సీ మూతపడితే మూట కట్టుకోవడానికి ఏమీ లేదు. 1942 నాటి రేవు కూలీ వంటపాత్రలైనా నెత్తిన పెట్టుకుని నడిచాడు. ఇతనికి ఆ పాత్రలూ లేవు. ఒక పూట తిండిని కూడా ఇంకొకరి దగ్గర ఖాతా పెట్టుకుని బతికే పద్ధతి మామూలు రోజుల్లో చవకగా కనిపిస్తుంది. దాని అసలు ఖరీదు ఆ వారంలో తెలిసింది.

మనలో చాలామందికి ఇక్కడ ఇళ్లున్నాయి, రేషన్ కార్డులున్నాయి. నాసిక్ రోడ్డున నడిచిపోయినవాళ్లు ఎక్కువగా ఉత్తరాదివాళ్లు. శ్రామిక్ రైళ్లు మొదలైంది మే 1న, అయిదు వారాల తర్వాత. ఆ మొదటి రోజుల్లోనే భివండీ రోడ్ స్టేషన్ నుంచి గోరఖ్‌పూర్‌కు ఒక రైలు కదిలింది. అప్పటికే నడక మొదలుపెట్టినవాళ్లకు అది ఆలస్యం. మే 8న ఔరంగాబాద్ జిల్లా కర్మాడ్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన పదహారుమందిని గూడ్సు బండి తొక్కేసింది. పట్టాల మధ్య చెల్లాచెదురుగా పడిన రొట్టెల ఫోటో దేశమంతా చూసింది. అదే వాళ్ల దారి బత్తెం. అంతకుముందు ఏప్రిల్ 18న, తెలంగాణలో ములుగు జిల్లా మిరపచేల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు నడిచిన పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక, మూడు రోజుల నడక తర్వాత తన ఊరికి కొద్ది దూరంలో ప్రాణం విడిచింది. ఒంట్లో నీరు, లవణాలు పడిపోయాయన్నారు.

ఈ రెండు నడకల నుంచి తేలే జాబితా చిన్నదే. వండనక్కరలేని తిండి: అటుకులు, పేలాలు, వేయించిన శనగలు, బెల్లం. లీటరు మంచినీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. కలరా కాలంలో ఇంత సులువైన మందు ఎవరికీ తెలియదు, ఇప్పుడు తెలుసు. పాతబడి కాలికి అలవాటైన చెప్పులు. ఒక దుప్పటి, అగ్గిపెట్టె, రోజూ వేసుకునే మందులు. ఆధార్, పాస్‌బుక్ నకళ్లు. చిల్లర నోట్లు, అవీ ఒకరి దగ్గరే కాకుండా ఇద్దరు ముగ్గురి దగ్గర. ఫోన్ ఆగిపోయినా చదవగలిగేలా కాగితం మీద చుట్టాల నంబర్లు, దారిలో తెలిసినవాళ్ల ఊళ్లు. చిన్నపిల్లల చొక్కా జేబులో పేరు, ఊరు రాసిన చీటీ. నడక వేగం మాత్రం అందరికంటే చిన్నవాళ్లదీ అందరికంటే పెద్దవాళ్లదీ.

ఇంతకు మించి మూటలో పట్టనిది ఒకటుంది. 1942లో అస్సాం సరిహద్దున టీ తోటల సంఘంవారు దారి పొడవునా శిబిరాలు పెట్టి గంజి, మందులు, కూలీలను అందించబట్టి వేలమంది బతికారు. 2020లో రోడ్డు పక్క పల్లెలవాళ్లు, గురుద్వారాలు, ఎవరెవరో అన్నం పెట్టబట్టి బతికారు. చట్టం కూడా ఉండేది. 1979 నాటి వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు పనివాడికి రానూపోనూ ప్రయాణఖర్చులు ఇవ్వాలి. అది కాగితం మీదే ఉండిపోయింది. అందుచేత, పద్మనగర్‌లోనూ కామత్‌ఘర్‌లోనూ ఇల్లు కట్టుకుని స్థిరపడిన మనం ఇంట్లో ఒక సంచి సిద్ధంగా పెట్టుకుంటే సరిపోదు. పక్క గల్లీలో పొయ్యి లేని గదిలో ఉన్న మగ్గం కార్మికుడి బత్తెం కూడా మన సంఘాల లెక్కలో రాసుకోవాలి. మన తాతలు రంగూన్ నుంచి నడిచి వచ్చినప్పుడు వాళ్లకు గంజి పోసినవాళ్లెవరూ తెలుగువాళ్లు కారు.