స్క్రిప్టులతో దూరస్థ సాఫ్ట్‌వేరు స్థాపనము

కార్యాలయమున నెట్‌వర్కుతో అనుసంధింపబడిన కంప్యూటర్లలో, ఏ యంత్రము చెంతకును పోకయే, ఒకచోట వ్రాసియుంచిన ఆజ్ఞావళిని నడిపి వలసిన ప్రోగ్రాములను నెలకొల్పుటకు దూరస్థ స్థాపనమని పేరు. అట్టి ఆజ్ఞావళియే స్క్రిప్టు. ఇందు సాధింపవలసిన కార్యములు మూడు: ఫైలును యంత్రమునకు చేర్చుట, అచ్చట దానిని నడపుటకు తగిన అధికారము పొందుట, పని నెరవేరినదో లేదో సమాచారము రాబట్టుట. మొదటిది నెట్‌వర్కు వచ్చినంతనే సులభమయ్యెను. తక్కిన రెండింటి సాధనయే ఈ విద్య చరిత్రలో ప్రధానభాగము.

తొలిదశ: 1980వ దశకమున నిర్వాహకుడు ఫ్లాపీలు చేతబట్టి బల్లబల్లకును తిరుగుచుండెను. నోవెల్ సంస్థవారి నెట్‌వేర్ ప్రచారమునకు వచ్చిన పిమ్మట, ఉద్యోగి లాగిన్ అయిన తోడనే తనంతట నడచు లాగిన్ స్క్రిప్టు వాడుకలో పడెను. విండోస్ ఎన్‌టీ డొమైనులలో ఇట్టివి నెట్‌లాగాన్ అను ఉమ్మడి ఫోల్డరు (షేరు)నందుండెడివి. అయినను అవి లాగిన్ అయిన వాని అధికారముతోనే నడచునవి గావున, స్థాపనకు అనుమతి లేని సామాన్యోద్యోగి యంత్రమున నిష్ఫలములగుచుండెను. అతడు సెలవుపై నున్నంతకాలము ఆ యంత్రమున పాత ప్రోగ్రామే నిలిచియుండెడిది.

యూనిక్స్ శాఖ: యూనిక్స్ యంత్రములపై దూరమునుండి ఆజ్ఞలు నడపు ఆర్‌ఎస్‌హెచ్ సంభాషణమును గూఢలిపిలోనికి మార్చక పంపెడిది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డులు అపహృతములు కాగా, అచ్చటి పరిశోధకుడు తాతు యిలోనెన్ 1995లో సంభాషణమును గూఢలిపిలో పంపు ఎస్‌ఎస్‌హెచ్‌ను రచించెను. అంతకు పూర్వమే, 1993లో, ఓస్లో విశ్వవిద్యాలయమున మార్క్ బర్జెస్ సీఎఫ్‌ఇంజిన్ అను సాధనమును నిర్మించి, చేయవలసిన క్రియల వరుసను గాక యంత్రముండవలసిన స్థితిని వ్రాయు పద్ధతికి మార్గము చూపెను. 2012లో వెలువడిన ఆన్సిబుల్ అను సాధనము ఈ రెండు ధోరణులను కలిపి ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా పని నడపెను.

విండోస్ శాఖ: మైక్రోసాఫ్ట్ 1994లో సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వరును వెలువరించినను, ఒక్కొక్క సంస్థ సెటప్ ఒక్కొక్క తీరున ప్రశ్నలడుగుచుండుట పెద్ద చిక్కయ్యెను; ఎదుట మనుష్యుడు లేని యంత్రమున 'నెక్స్ట్' అను బటన్ నొక్కువారు లేక స్థాపన అట్లే నిలిచిపోయెడిది. 1999లో ఆఫీస్ 2000తో వచ్చిన విండోస్ ఇన్‌స్టాలర్ ఈ చిక్కును చాలవరకు తీర్చెను. దాని ఎమ్‌ఎస్‌ఐ ప్యాకేజీని నిశ్శబ్దముగ స్థాపింపుమని ఆదేశించి, ఫలితమును సంకేతసంఖ్యగ గ్రహింప వీలయ్యెను: 0 యనిన సఫలము, 3010 యనిన సఫలమేగాని రీస్టార్ట్ కావలెను, 1618 యనిన వేరొక స్థాపన అప్పటికే నడచుచున్నది. మరుసటి యేడు విండోస్ 2000తో వచ్చిన గ్రూప్ పాలసీ, యంత్రము ప్రారంభమగునపుడే సిస్టమ్ ఖాతా అధికారముతో స్థాపన జరుపుటచే, ఉద్యోగి అనుమతితో నిమిత్తము లేకపోయెను.

మార్క్ రుస్సినోవిచ్ రచించిన పీఎస్‌ఎగ్జెక్ అను విండోస్ సాధనము, దూరయంత్రపు అడ్మిన్ షేరులోనికి చిన్న సర్వీసును పంపి, దానిచే ఆజ్ఞను నడిపించి, ఫలితమును తిరిగి తెచ్చును. 2006లో వెలువడిన పవర్‌షెల్ అను ఆజ్ఞాభాషకు 2009 నాటి రెండవ సంచికలో దూరాజ్ఞాశక్తి అబ్బెను. ఐనను, నిర్వాహకుని గుర్తింపు మొదటి యంత్రము వరకే చెల్లి, అచ్చటినుండి ఫైలు సర్వరునకు సాగకుండుట సామాన్యానుభవము. అందుచే ఇన్‌స్టాలర్‌ను షేరునుండి నడపబోవు స్క్రిప్టు 'యాక్సెస్ డినైడ్' అను జవాబుతో ఆగును. ముందుగ ఫైలును దూరయంత్రపు డిస్కులోనికి కాపీచేసి, పిదప నడపుట పరిపాటియైనది.

భద్రత: ఒక్క ఆజ్ఞతో వేయి యంత్రములను లోబరచుకొను శక్తి దుష్టులకును ఉపకరించును. 2017 జూన్‌లో ఉక్రెయిన్‌లోని లెక్కల సాఫ్ట్‌వేరు అప్‌డేట్ ద్వారమున ప్రవేశించిన నాట్‌పెట్యా అను దుష్టప్రోగ్రాము, తాను సంగ్రహించిన పాస్‌వర్డులతో పీఎస్‌ఎగ్జెక్‌ను, విండోస్ దూరనిర్వహణ సాధనమైన డబ్ల్యుఎమ్‌ఐను కూడ వాడుకొని నెట్‌వర్కులందు వ్యాపించెను. ఇట్టి ప్రమాదమును అరికట్టుటకై యంత్రయంత్రమునకును వేర్వేరు అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు నుంచి దానిని నియతకాలమున మార్చుట, స్క్రిప్టు నడపు ఖాతాకు స్థాపనకు వలసినంత మాత్రమే అనుమతి నిచ్చుట, మొదట కొలది యంత్రములపై పరీక్షించుట ఆచారములైనవి. పూర్వము అధికారమును విస్తరింపజూచిన ఈ విద్య, నేడు దానికి హద్దులు నిర్ణయించుటయందు నిమగ్నమై యున్నది.