బరువుల వ్యాయామం: నమ్మకం నుంచి పరీక్ష దాకా

బరువులెత్తేవారికి నేడు ఇచ్చే సలహాల్లో రెండు ప్రధానమైనవి: బరువును క్రమంగా పెంచుతూ పోవాలి, ప్రొటీన్ తగినంత తినాలి. ఈ రెండూ పాత నమ్మకాలను పరీక్షకు పెట్టాక తేలిన విషయాలే.

మొదట పరీక్షకు గురైంది ఆహారం గురించిన నమ్మకం. కండరం పనిచేసేటప్పుడు తనలోని ప్రొటీన్‌నే ఖర్చు చేస్తుందని 1842లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రకటించారు. కాయకష్టం చేసేవారికి మాంసమే బలమన్న నమ్మకానికి దీంతో శాస్త్రం అండ దొరికింది. 1865 ఆగస్టు 30న అడాల్ఫ్ ఫిక్, యోహానెస్ విస్లిసేనుస్ అనే ఇద్దరు పరిశోధకులు స్విట్జర్లాండ్‌లోని ఫౌల్‌హార్న్ శిఖరం ఎక్కారు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ప్రొటీన్ ముట్టకుండా, పిండితో చేసి కొవ్వులో వేయించిన రొట్టెలే తిన్నారు. ఎక్కిన ఎత్తు సుమారు 1,956 మీటర్లు. ఆ సమయంలో విసర్జించిన మూత్రాన్ని సేకరించి, అందులోని నత్రజనిని బట్టి ఎంత ప్రొటీన్ ఖర్చయిందో కొలిచారు. ఖర్చయిన ప్రొటీన్ ఇవ్వగల శక్తి అంత ఎత్తుకు శరీరాన్ని మోయడానికి ఏమాత్రం చాలదని లెక్క తేలింది. కండరానికి ముఖ్య ఇంధనం పిండిపదార్థం, కొవ్వు. ప్రొటీన్ ప్రధానంగా కండరాన్ని కట్టడానికి, మరమ్మతుకు కావాలి.

రెండో నమ్మకం బరువుల గురించి. వాటిని ఎత్తితే కండలు బిగుసుకుపోయి చురుకుదనం పోతుందని 20వ శతాబ్ది తొలి సగంలో అమెరికాలోని వ్యాయామ శిక్షకులు చాలామంది గట్టిగా నమ్మేవారు. స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీలోని పరిశోధకుడు పీటర్ కర్పోవిచ్‌దీ అదే అభిప్రాయం. 1940లో అక్కడికి ప్రదర్శనకు వచ్చిన లిఫ్టర్ జాన్ గ్రిమెక్‌ను ఆయన వీపు మధ్య గోక్కోమని అడిగారు. గ్రిమెక్ తేలిగ్గా గోక్కున్నారు. కర్పోవిచ్ అంతటితో ఆగక, 1951లో విలియం జోర్బాస్‌తో కలిసి 300 మంది లిఫ్టర్లను, బరువులెత్తని మరో 300 మందిని పోల్చారు. చేతిని గుండ్రంగా తిప్పే వేగంలో లిఫ్టర్లే ముందున్నారు.

బరువు ఎంత, ఎలా పెంచాలన్న ప్రశ్నకు జవాబు సైనిక ఆసుపత్రిలో దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కండరాలకు అప్పటిదాకా తేలిక వ్యాయామమే ఎక్కువసార్లు చేయించేవారు. షికాగోలోని గార్డినర్ ఆసుపత్రి వైద్యుడు థామస్ డిలోర్మ్ దాన్ని మార్చారు. రోగి పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కొలమానంగా తీసుకుని, బలం పెరిగేకొద్దీ దాన్ని పెంచారు. 1945లో ఫలితాలు ప్రచురించారు. మొదట ఏడు నుంచి పది సెట్లు (విడతలు) చేయించేవారు. 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి దాన్ని మూడు సెట్లకు తగ్గించారు: కొలమానంలో సగం, ముక్కాలు, పూర్తి బరువుతో పదేసి సార్లు. జిమ్‌లలో నేటికీ వినిపించే ‘మూడు సెట్లు, పది రెప్స్’ పద్ధతికి మూలాల్లో ఇది ముఖ్యమైనది.

ఇక ప్రొటీన్ ఎంత కావాలన్న ప్రశ్న. దాని మోతాదుపై 2018లో 49 ప్రయోగాల ఫలితాలను, మొత్తం 1,863 మంది వివరాలతో, కలిపి విశ్లేషించారు. శరీర బరువులో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాములు దాటితే సగటున అదనపు కండ పెరగడం లేదని తేలింది. 60 కిలోల మనిషికి అది 96 గ్రాములు. అదనంగా తీసుకున్న ప్రొటీన్ వల్ల సగటున పెరిగిన కండ 0.3 కిలోలే. కండను పెంచేది ముందుగా క్రమం తప్పని వ్యాయామం. ప్రొటీన్ దానికి తోడు మాత్రమే.