ఒకే కంపెనీ, రెండు మందులు: ఒకటి మన కల్లులోకి ఎట్లొచ్చింది?

ఫెంటానిల్, నిటజీన్ అనే పేర్లు రీల్స్‌లో వినే ఉంటరు. ఇవి సింథటిక్ ఓపియాయిడ్లు. అంటే నల్లమందు లెక్కనే పనిచేస్తయి, కానీ గసగసాల కాయ నుంచి కాదు, ల్యాబ్‌ల తయారైతయి. 2022 ఒక్క ఏడాదిలోనే అమెరికాలో వీటితో 70 వేల మందికి పైగా చనిపోయారు. మా కల్హేర్, నారాయణఖేడ్ దిక్కు ఈ పేర్లు వినబడవు. అంటే మనం సేఫా?

ముందు లెక్క చూద్దాం. ‘రీసెర్చ్ కెమికల్స్’ అని పేరు పెట్టి అమ్మే కొత్త మత్తు పదార్థాలను యూరప్ ఏజెన్సీ ఒకటి లెక్కపెడుతుంది. 2023 చివరికి ఆ లిస్టులో 950కి పైగా ఉన్నాయి. 2009 నుంచి బయటపడ్డ కొత్త ఓపియాయిడ్లు మాత్రం 81. పదింటిలో ఒకటి కూడా కాదు! నాకు తోచిన కారణం ఒకటే: మత్తెక్కే డోసుకు, ఊపిరి ఆగే డోసుకు మధ్య తేడా చిటికెడు కూడా ఉండదు. కొన్నోడు బతికుంటేనే కదా మళ్లీ కొనేది.

ఇంకో సంగతి. ‘కొత్తవి’ అంటున్నాం గానీ ఇవి కొత్తవి కావు. నిటజీన్లను స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ 1950లలోనే తయారుచేసింది. ప్రమాదం ఎక్కువని మందుగా రాలేదు. 2019 మేలో చైనా ఫెంటానిల్ రకాలన్నిటినీ ఒకేసారి కట్టడి చేసింది. ఆ ఏడాదే నిటజీన్లు మార్కెట్లో కనబడటం మొదలైంది. ఒక తలుపు మూస్తే పాత ఫైల్లోంచి ఇంకోటి తీసిన్రు.

ఇప్పుడు అసలు కథ. అమెరికాలో అప్‌జాన్ అనే మందుల కంపెనీ ఉండేది. 1970లలో దాని ల్యాబ్‌ల యూ-47700 అనే ఓపియాయిడ్ పుట్టింది. మందుగా ఎన్నడూ అమ్మలే. సుమారు 40 ఏళ్లకు అదే రీసెర్చ్ కెమికల్‌గా బయటికొచ్చి ప్రాణాలు తీసింది. 2016 నవంబరులో అమెరికా నిషేధించింది.

అదే కంపెనీ ఇంకో మందు కూడా చేసింది. 1981లో అమ్మకానికి వచ్చింది. ఆందోళన తగ్గించే మంచి మందే, డాక్టర్ రాస్తే. పేరు అల్ప్రాజోలం. ఇది ఓపియాయిడ్ కాదు. కానీ మన తెలంగాణలో కల్తీ కల్లుల కలిపేది ఇదే!

ఎందుకు కలుపుతరు? తాగేటోళ్లు ఎక్కువ, తాటి, ఈత చెట్లు తక్కువ. చెట్టు ఇవ్వని కల్లును నీళ్లు, శాకరిన్, మత్తు పౌడర్‌తో తయారుచేస్తరు. ముందు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ కలిపేటోళ్లు, తర్వాత అల్ప్రాజోలం వచ్చింది. 2015 సెప్టెంబరులో దాడులు పెరిగి ఆ కల్లు దొరకనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో దవాఖానాలు నిండినయి. చేతులు వణకడం, ఫిట్స్, పిచ్చి పిచ్చిగా మాట్లాడటం. మన కల్హేర్ అప్పుడు మెదక్ జిల్లాలనే ఉండె. వాళ్లలో చాలామందికి తాము రోజూ మందు మింగుతున్నమని కూడా తెల్వదు.

డేంజర్ ఇక్కడనే. ట్రమడాల్ అనే నొప్పి గోళీ కూడా సింథటిక్ ఓపియాయిడే. 2018 ఏప్రిల్‌లో మన దేశం దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చింది. కూలిపని చేసి నడుము నొప్పితో ఉన్న పెద్దమనిషి కల్తీ కల్లు తాగి, పైన ఆ గోళీ వేసుకుంటే? రెండూ ఊపిరిని నెమ్మది చేసేవే. నిద్రలోనే పోవచ్చు.

అందుకే రెండు మాటలు. ఇంట్ల కల్లు తాగే పెద్దోళ్లుంటే నొప్పి గోళీ ఇచ్చే ముందు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, సిగ్గుపడొద్దు. రోజూ తాగేటోళ్లను ఒక్కరోజులో మాన్పించొద్దు, ఫిట్స్ వస్తయి. దవాఖానాకు తీస్కపోండి, లేదా 14446కి ఫోన్ చేయండి, ఫ్రీ.

ఫెంటానిల్ మన ఊరికి రాలేదు, మంచిదే. కానీ ల్యాబ్ మత్తు ఎప్పుడో వచ్చింది, సీసాల పోసుకొని, కల్లు అని పేరు పెట్టుకొని. ఈ వీడియో మీ ఇంటి గ్రూపులో పెట్టండి.