ఫ్లోరైడ్ నేలలో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, ఫైబ్రోమయాల్జియా: ఒక తులనాత్మక పరిశీలన

ప్రస్తావన

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లికి, నకిరేకల్‌కు నడుమ ఉన్న నల్లగొండ జిల్లా మండల కేంద్రం కట్టంగూర్. నాట్లు వేయడం, కలుపు తీయడం, పత్తి ఏరడం ఈ ప్రాంతపు ఆడవాళ్ళ పనులు. వాళ్ళలో ఒకరు "ఒళ్ళంతా గుంజుతున్నది, పని శాతనైతలేదు" అంటూ వైద్యుడి దగ్గరికి వస్తే నొప్పి గోలీలు, ఒక సెలైన్ సీసాతో చికిత్స ముగియకూడదు. ఆ బాధకు కారణం క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ కావచ్చు, ఫైబ్రోమయాల్జియా కావచ్చు, తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చి, నల్లగొండ జిల్లాను తరతరాలుగా పీడించిన ఫ్లోరోసిస్ కావచ్చు. మొదటి రెండింటినీ పోల్చి, ఫ్లోరైడ్ ప్రాంతంలో నిర్ధారణ ఏ వరుసలో జరగాలో సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

పోలికలు

రెండూ ఆడవాళ్ళలోనే ఎక్కువ. రెండింటిలోనూ అలసట, ఒళ్ళు నొప్పులు, ఎంత పడుకున్నా తీరని బడలిక, మతిమరుపు కనిపిస్తాయి. రెంటికీ ఫలానా రక్తపరీక్ష అంటూ లేదు. ఒకే రోగిలో రెండూ ఉండడం కూడా సాధారణమే. పరీక్షలన్నీ మామూలుగా రావడంతో ఇంట్లోవాళ్ళు "పని తప్పించుకుంటున్నది" అని అనుమానిస్తారు. ఆ అనుమానం రోగికి రెండో జబ్బు అవుతుంది.

తేడాలు

ఫైబ్రోమయాల్జియాలో ప్రధానమైనది నొప్పి. నొప్పి సంకేతాలను మెదడు, వెన్నుపాము పెంచి చూపడం దీని లక్షణమని నేటి అవగాహన. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1990 ప్రమాణాల ప్రకారం శరీరం మీది 18 నిర్ణీత బిందువుల్లో కనీసం 11 చోట్ల నొక్కితే నొప్పి ఉండాలి. 2010లో ఆ పద్ధతి స్థానంలో నొప్పి విస్తృతిని, ఇతర లక్షణాల తీవ్రతను కొలిచే సూచికలు వచ్చాయి. లక్షణాలు 3 నెలలైనా కొనసాగాలి.

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌లో ప్రధానమైనది శ్రమ తర్వాత కుప్పకూలడం. చాలామందిలో ఇది ఏదో ఒక ఇన్ఫెక్షన్ తర్వాత మొదలవుతుంది. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం 6 నెలలకు పైగా పనిచేసే శక్తి బాగా తగ్గాలి, శ్రమ తర్వాత లక్షణాలు ముదరాలి, నిద్ర సేద తీర్చకూడదు. వీటితోపాటు ఆలోచన మందగించడమో, నిలబడితే కళ్ళు తిరగడమో ఉండాలి.

చికిత్సలో ఈ తేడా చాలా కీలకం. ఫైబ్రోమయాల్జియాకు 2017 నాటి యూరోపియన్ సిఫార్సుల్లో గట్టి మద్దతు దక్కింది వ్యాయామానికే. కొద్దికొద్దిగా పెంచుతూ పోయే నడక మేలు చేస్తుంది. క్రానిక్ ఫెటీగ్‌లో అదే సలహా హాని చేయవచ్చు. ఒకరోజు నాటు వేసిన మనిషి మర్నాడో, ఆ మరుసటి రోజో మంచం దిగలేకపోవచ్చు. కోలుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. అందుకే బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2021లో, క్రమంగా పెంచే వ్యాయామ చికిత్సను ఈ జబ్బుకు ఇవ్వవద్దని చెప్పింది. ఉన్న శక్తి మేరకే పనిని సర్దుకోవాలని సూచించింది.

నల్లగొండ సందర్భం

ఇక్కడి గ్రానైట్ శిలల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లోకి చేరుతుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించేందుకు జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించిన విధానానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు రావడమే ఈ జిల్లా పడ్డ బాధకు సాక్ష్యం. మిషన్ భగీరథ తాగునీటి పథకం నీళ్ళతో ముప్పు తగ్గినా, ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కాబట్టి ఏళ్ళ క్రితం బోరునీళ్ళు తాగినవాళ్ళ చరిత్ర అడగక తప్పదు.

ఎముకల ఫ్లోరోసిస్ తొలిదశలో కీళ్ళనొప్పి, నడుము బిగుసుకోవడం ఫైబ్రోమయాల్జియాను తలపిస్తాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తొలి తనిఖీకి మూడు పరీక్షలు చాలు: మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు తాకగలరా, గడ్డం ఛాతీకి ఆనించగలరా, చేతులు తల వెనక్కి పెట్టగలరా? ఇవి చేయలేకపోతే ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష అవసరం. ఫైబ్రోమయాల్జియాలో నొప్పి ఉన్నా కీలు పూర్తిగా వంగుతుంది, ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. అయితే ఫ్లోరోసిస్ తేలినంత మాత్రాన ఫైబ్రోమయాల్జియా లేదని అనుకోరాదు. ఫైబ్రోమయాల్జియా ప్రమాణాల 2016 సవరణ ప్రకారం మరో జబ్బు ఉన్నా ఆ నిర్ధారణ చెల్లుతుంది.

ముగింపు

కట్టంగూర్ వంటి చోట వరుస ఇలా ఉండాలి. ముందు తాగిన నీటి చరిత్ర, పై మూడు పరీక్షలు. తర్వాత రక్తహీనత, థైరాయిడ్, షుగర్, విటమిన్ డి, కీళ్ళవాతం, గతంలో వచ్చిన చికున్‌గున్యా విచారణ. ఆ పిమ్మట ఒక ప్రశ్న: "పని చేసిన మర్నాడు, ఆ మరుసటి రోజు ఎట్లుంటది?" దానికి వచ్చే జవాబు విన్నాకే నడవమనాలో, ఆగమనాలో వైద్యులు నిర్ణయించాలి. పరీక్షలన్నీ మామూలుగా వచ్చిన రోగి చెప్పే బాధ కూడా నిజమేనని నమ్మి, ఆ మాట ఇంటివాళ్ళకు కూడా చెప్పి పంపాలి.