జగదీశ్ చంద్ర బోస్: మూలపత్రాలు దొరికే చోట్లు

జగదీశ్ చంద్ర బోస్ (1858–1937) భౌతిక, వృక్ష శాస్త్రాలలో పరిశోధకుడు, బెంగాలీ రచయిత. ఆయన జీవితాన్ని మూలపత్రాల నుంచి పరిశీలించేవారు మొదట వెళ్లాల్సింది కోల్‌కతాకే. 1917లో ఆయన స్థాపించిన బోస్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఆయన స్వయంగా రూపకల్పన చేసిన పరికరాలున్నాయి. మొక్కల సూక్ష్మమైన ఎదుగుదలను ఎన్నో రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్ వాటిలో ముఖ్యమైనది. పక్కనే ఉన్న ఆయన నివాసం ఆచార్య భవన్‌ను కూడా చూడాలి.

మనిషిగా బోస్ కనిపించేది మాత్రం ఉత్తరాలలోనే. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయనకు రాసిన లేఖలు ‘చిఠిపత్ర’ సంపుటాలలో అచ్చయ్యాయి. ఠాగూర్ పత్రాలకు ప్రధాన నిలయం శాంతినికేతన్‌లోని రవీంద్ర భవన్.

సాహిత్యం వైపు నుంచి వచ్చేవారికి 1921లో వెలువడిన ‘అవ్యక్త’ వ్యాస సంపుటి ఆధారం. సీసాడు తలనూనెతో తుఫాను చల్లబడే కథ అందులో ఉంది. దాని తొలి రూపం 1896లో ఒక తలనూనె కంపెనీ నడిపిన పోటీలో బహుమతి పొందింది! రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చదవడం మేలు.

విదేశాలలో లండన్ రాయల్ సొసైటీ ప్రచురణలు, 1904 నాటి బోస్ అమెరికా పేటెంటు (సంఖ్య 7,55,840) అందుబాటులో ఉన్నాయి. 1920లో ఆయన జీవితచరిత్ర వెలువరించిన పాట్రిక్ గెడ్డెస్ పత్రాలు స్కాట్లండ్‌లో ఉన్నాయి. పాత ఆంగ్ల పట్టికలలో బోస్ పేరు ‘జగదీస్ చుందర్’ అనే వర్ణక్రమంతో ఉంటుంది; వెతికేటప్పుడు ఆ రూపాన్నీ ప్రయత్నించాలి.