బుగులు పోయేదాకా

మా కరీంనగర్ పల్లెల్లో ఒకే పిట్టకు రెండు మర్యాదలు ఉండేవి. జొన్న చేను పాలు పోసుకునే వేళకు మంచె ఎక్కి, వడిసెల తిప్పి, డబ్బా కొట్టి వెళ్లగొట్టేది రామచిలుకనే. ఇంటికొస్తే దూలానికి వేలాడే పంజరంలో పెసరకాయ ఒలుచుకు తినేదీ రామచిలుకే. పగలంతా చేలో దాన్ని తిట్టిన మనిషే పొద్దు గూకినంక దాని ముందు కూర్చుని "రాం రాం అను బిడ్డా" అని బతిమాలేవాడు. అడవి నుంచి వచ్చిన పిల్లపిట్టను ఇంటి మనుషులకు మాలిమి చేయడం వెనక పెద్ద విద్యే ఉంది. అది ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో, వంటింటి గడప దగ్గర నడిచింది కాబట్టి ఎవరూ రాసి పెట్టలేదు.

రాసి పెట్టిందంతా రాజుల సంగతి. కల్యాణి చాళుక్యుల మూడవ సోమేశ్వరుడు 1126 నుంచి 1138 దాకా ఏలాడు. ఆయన పేరున్న మానసోల్లాసంలో డేగల వేట, కోడిపందెం, లావుక పిట్టల పోరు, పావురాల వినోదం అన్నింటికీ చోటుంది. మన వేములవాడ, పొలవాస సీమల మీద కూడా అప్పట్లో ఆ చాళుక్యుల పెత్తనమే. అయితే డేగను లొంగదీసే దారి కఠినమైనది. చాలా దేశాల్లో డేగలవాళ్లు దాని కళ్లు మూసి, ఆకలి మీద ఉంచి, నిద్ర పోనివ్వకుండా చేతికి అలవాటు చేసేవాళ్లు. చిలుక సంగతి వేరు. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో పారశీక రాజు కొలువులో పనిచేసిన గ్రీకు వైద్యుడు క్టీసియస్, హిందూదేశంలో మనిషిలా మాట్లాడే పిట్ట ఉందనీ, నేర్పితే గ్రీకు కూడా పలుకుతుందనీ రాశాడు. అది మన కవ్వాల అడవుల్లోనూ తిరిగే ఊదారంగు తల చిలుక అయి ఉంటుందని పండితుల అంచనా. ఆకలితో మాడ్చి మాటలు పలికించలేరు కదా. ఎవరో దాని పక్కన ఓపికగా కూర్చుని ఉంటారు.

మా ఇంట్లో అలా కూర్చున్నది మా నాయినమ్మ. మాది గోదావరి ఒడ్డున ధర్మపురి దగ్గరి ఊరు. చలి తగ్గే రోజుల్లో పిట్టలోళ్లు అవతలి ఒడ్డు అడవుల నుంచి వెదురు గుల్లల్లో చిలుక పిల్లలను తెచ్చేవాళ్లు. మద్దిచెట్ల తొర్రల్లోంచి, ఎండిన తాటి మొద్దుల్లోంచి తీసినవి. ఈకలు రాని పిల్లకు ధర ఎక్కువ. అప్పటికే ఈకలొచ్చి, గుల్ల మూలకు నక్కి, చెయ్యి పెడితే బుసకొట్టి కరిచేదానికి తక్కువ. నాయినమ్మ ఆ తక్కువదాన్నే అడిగి కొనేది. "ఈకలు రాని పిల్లకు బుగులు తెల్వది, దాన్ని మాలిమి చేసుడు ఏం పని? బుగులున్న పిల్ల సోపతైతే ఇడిచిపెట్టదు" అనేది.

ఆమె చేసేది చూడడానికి ఏమీ ఉండదు, అదే అందులో కిటుకు. మొదట గుల్లను జనం తిరిగే దర్వాజ దగ్గర కాకుండా, అర్ర మూలన, ఆమె మోకాళ్ల ఎత్తు గడంచ మీద పెట్టేది. ఒక పక్క పాత చీర పేలిక కప్పేది, పిల్ల దాక్కోవడానికి చోటుండాలి. ఆమె దాని వైపు చూసేది కాదు. పక్కకు తిరిగి కూర్చుని చింతపండు పిక్కలు తీసుకుంటూ, దానితోనా తనతోనా అన్నట్టు గొణిగేది. రెండు కళ్లు ముందుకు పెట్టి తేరిపార చూసేది పిల్లి, గుడ్లగూబ; పిట్టకు ఆ చూపే చావు. చెయ్యి కూడా ఎన్నడూ పై నుంచి పోనిచ్చేది కాదు, గద్ద వచ్చేది పై నుంచే కాబట్టి. కింద నుంచి, రొమ్ము ఎత్తుకు, మెల్లగా. వేలి కొసన మక్కగటుక ముద్ద పెట్టి, పిల్ల వెనక్కి జరిగితే తనూ చెయ్యి వెనక్కి తీసేది. మాలో ఎవరైనా తొందరపడి ముందుకు వంగితే మోచేత్తో వెనక్కి నెట్టేది.

పిల్ల ఒళ్లు చూసి దాని మనసు చెప్పేది. ఈకలన్నీ ఒంటికి అంటుకుని సన్నగా, నిలువుగా నిలబడితే ఆ పూట ఇంక జరగొద్దు. ఒళ్లు ఉబ్బించి, ఒక కాలు ఈకల్లోకి ముడుచుకుని, ముక్కు కటకటమని నూరుకుంటుంటే బుగులు పోయినట్టు. ఆ తర్వాత పుల్ల ఎక్కించేది, పుల్లను రోజురోజుకూ పొట్టి చేస్తూ వేలి దాకా తెచ్చేది. ఒకనాడు అదే మెడ ఈకలు లేపి తల వంచి, గోకమని నిలబడేది. అప్పటికి గుల్ల మూత తెరిచే ఉండేది.

ఇదే పద్ధతిని సంతల్లో చిలుక జోస్యం చెప్పేవాళ్లు తమ బతుకుదెరువుకు వాడేవాళ్లు. వేములవాడ రాజన్న జాతరలో చిలుక జోస్యం చూడని పిల్లలు మా కాలంలో లేరు. తలుపు లేపితే చిలుక నడిచి వస్తుంది, వరుసలోంచి ముక్కుతో ఒక కార్డు లాగుతుంది, ఒక్క వడ్లగింజ తీసుకుని లోపలికి పోతుంది. ఆ గింజ కోసమే నేర్చింది. కానీ దాని రెక్క ఈకలు కత్తిరించి ఉండేవి. నమ్మకం కుదిరిన పిట్టకు కత్తెర ఎందుకని నాకు ఈనాటికీ బాధే.

దసరా నాటి పాలపిట్ట కథ ఇంకా కష్టమైనది. జమ్మికి పోయే దారిలో పాలపిట్ట కనపడితే శుభమని మన నమ్మకం. ఇప్పుడది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. పొలాల్లో కనపడకపోతే డబ్బులిచ్చి చూసేందుకు కాళ్లు కట్టి పంజరంలో తెచ్చేవాళ్లున్నారు. పురుగులు పట్టి బతికే పిట్ట అది. గింజకూ గటుకకూ లొంగదు, మనిషితో సోపతి చేయదు. దాన్ని చూడాలంటే కరెంటు తీగ మీదనే చూడాలి.

అడవి పిట్టను పట్టడానికి మెల్లమెల్లగా అడ్డుకట్ట పడింది. 1965లో కవ్వాల అభయారణ్యమైంది, 2012లో పులుల అడవైంది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1990-91 నాటికి మన దేశపు అడవి పిట్టల వ్యాపారం నిషేధమైంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక రామచిలుక రక్షణ మరింత గట్టిపడింది. ఇది మంచి పనే. తొర్ర నుంచి తీసిన పిల్లల్లో ఇల్లు చేరకముందే చచ్చేవి ఎన్నో ఉండేవి. పిట్టలోళ్లకు వేరే బతుకు చూపించకుండానే ఆ బతుకు తీసేశారన్నదీ నిజం.

ఇప్పుడు కరీంనగర్‌లో, మంచిర్యాలలో పిల్లలు పెంచుతున్నవి ఆస్ట్రేలియా జాతి బడ్జీలు, కాకటీల్‌లు. బడ్జీని 1840లో జాన్ గూల్డ్ ఇంగ్లండుకు తెచ్చాడు, అక్కడి నుంచి పంజరాల్లోనే లోకమంతా వ్యాపించింది. హైదరాబాద్ ముర్గీ చౌక్ నుంచి చిల్లుల అట్టపెట్టెలో వచ్చిన పిల్ల బడ్జీకి నుదుటి మీద గీతలు ముక్కు దాకా ఉంటాయి. మూడు నాలుగు నెలలకు అవి పోతాయి. ఆ గీతలుండగానే మాలిమి సులువు. ఇరుగుపొరుగు పిల్లలకు నేను చెప్పేది నాయినమ్మ పద్ధతే. పంజరాన్ని టీవీకి దూరంగా, గోడ వారగా, నీ ఎదురొమ్ము ఎత్తున పెట్టు. మొదట పక్కన కూర్చుని నీ బడి పాఠం చదువుకో, చాలు. దుకాణంలో ప్యాకెట్‌లో అమ్మే కంకి మన కొర్ర కంకే, బడ్జీకి అంతకు మించిన ఆశ లేదు. పోచంపాడు దగ్గర 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ నీళ్లు పారినంక మా వైపు కొర్ర, జొన్న పోయి వరి వచ్చింది, మంచెలూ పోయాయి. ఆదిలాబాద్ వైపు నుంచి తెప్పించుకున్న కొర్ర విత్తనం మా పెరట్లో ఒక సాలు వేశాను, పిల్లలు వచ్చి కోసుకుపోతారు.

ఇంక పాత ఇళ్లలో పెరిగి, ఇప్పుడు అటవీశాఖకు అప్పగించిన చిలుకలున్నాయి. వాటిని తెచ్చిన రోజే గాలిలోకి వదిలితే కాకులకో గద్దకో పోతాయి, లేదా ఎవరి వాకిట్లోనో వాలి గటుక అడుగుతాయి. అందుకని పెద్ద గూట్లో తోటి చిలుకలతో కలిపి, మనిషి మాట వినపడకుండా, మేత పెట్టే చెయ్యి కనపడకుండా ఉంచాలి. రెక్కకు బలం రావాలి, మనిషిని చూస్తే ఎగిరిపోవాలి. నాయినమ్మ అంత ఓపికతో పోగొట్టిన బుగులును అంతే ఓపికతో తిరిగి నేర్పే పని అది. పేరు పెట్టి పిలిచి పెంచిన ఇంటివాళ్లు చూడ్డానికి వస్తామంటే, ఆ గూటి దగ్గరికి రానివ్వకూడదు.