నోరి రంగు వెలసిన సముద్రం

జపాన్‌లో క్యూషూ దీవి పడమటి వైపున అరియాకే సముద్రం ఉంది. పోటుకూ పాటుకూ నడుమ నీటిమట్టం ఆరు మీటర్ల దాకా మారుతుంది. అక్కడ చలికాలమంతా వలలు కట్టి నోరి అనే నాచు పండిస్తారు. సుషీకి చుట్టే నల్లని రేకు అదే.

శతాబ్దాలపాటు ఈ సాగు అదృష్టం మీదే నడిచింది. నోరి విత్తనం ఎక్కడినుంచి వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. ఆ గుట్టు 1949లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త కాథ్లీన్ డ్రూ విప్పారు. ఆల్చిప్పల్లో పెరిగే గులాబి పోగులను అంతవరకూ వేరే జాతి అనుకునేవారు. అవి నోరి జీవితంలో ఒక దశేనని ఆమె చూపారు. ఆల్చిప్పల్లో నారు పోసుకోవడం అలా మొదలైంది. జపాన్‌లో అడుగైనా పెట్టని ఆమెకు కృతజ్ఞతగా 1963 ఏప్రిల్ 14న అరియాకే ఒడ్డున ఉతోలో స్మారకం వెలిసింది.

ఆ కాలంలోనే జపాన్‌లోని మరో చోట, సెతో లోతట్టు సముద్రంలో, మురుగు పేరుకుంది. 1972లో ఎర్రపోటు, అంటే సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి నీటి రంగు మార్చేయడం, కమ్మి సుమారు కోటీ నలభై లక్షల పెంపకపు చేపలు చచ్చాయి. మరుసటి ఏడాదే ఆ సముద్రాన్ని కాపాడేందుకు ప్రత్యేక చట్టం వచ్చింది. అప్పటి దిగులంతా చేపల గురించే.

నాచుకు కలిగే హాని వేరు. అది విషం కాదు, ఆకలి. డయాటమ్‌లనే ఏకకణ జీవులు విపరీతంగా పెరిగితే నీటిలోని నత్రజనిని నోరికి అందకముందే తినేస్తాయి. తిండి లేని నోరి తన రంగు పదార్థాలనే కరిగించుకుంటుంది. నలుపు విరిగి పసుపు తిరుగుతుంది. అక్కడివారు దీన్ని ‘ఇరోఒచి’, అంటే రంగు రాలడం, అంటారు. రంగుతోపాటు ధరా పోతుంది.

2000 డిసెంబరులో అరియాకేలో జరిగింది ఇదే. అంతకు ముందు, 1997లో, సరిగ్గా ఏప్రిల్ 14నే, సాగుభూమి కోసం, వరద రక్షణ కోసం ఇసహాయా అఖాతాన్ని ఏడు కిలోమీటర్ల కట్టతో మూసేశారు. డయాటమ్‌లను తినే గుల్లలు బతికే బురదనేల కట్ట వెనక ఎండిపోయింది. నోరి సాగుదారులు కట్టనే తప్పుపట్టారు. 2001 జనవరిలో పడవలేసుకుని దాని ముందు నిరసనకు దిగారు. బురదనేలను పోగొట్టుకున్న సముద్రం తననుతాను శుభ్రం చేసుకోలేదన్న వారి మాట నాకు సబబుగానే తోస్తుంది.

కట్టకున్న నీటి తలుపులు ఐదేళ్లు తెరవాలని 2010లో ఫుకువోకా హైకోర్టు ఆదేశించింది. ప్రధాని నవోతో కాన్ అప్పీలుకు వెళ్లలేదు. అయినా తెరవలేదు. కట్ట లోపలి రైతుల కోరికపై 2013లో నాగసాకి కోర్టు తెరవొద్దంది. చివరికి 2023 మార్చిలో సుప్రీంకోర్టు తెరవనక్కర్లేదని తేల్చింది.

ఆ చలికాలంలోనే అరియాకే నోరి మళ్లీ రంగు వెలసింది. నోరి ఉత్పత్తిలో ఏళ్లతరబడి దేశంలో మొదటి స్థానంలో ఉన్న, అరియాకే ఒడ్డునున్న సాగా ప్రాంతం ఆ స్థానాన్ని కోల్పోయింది.